గంట ఎక్కిన రోజు

బార్బ్ రొట్టె పళ్ళేన్ని మోచేత్తో అవతలికి నెట్టేసింది.

"నాకొద్దు."

"నిన్నా ఇదే మాట, మొన్నా ఇదే మాట," అంది సిడోనీ. "కనీసం సూపైనా తాగండత్తయ్యా. మీకిష్టమనే ఉల్లిపాయలు ఎర్రగా వేయించి మరీ పోశాను."

"నాకేది ఇష్టమో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. అదొక్కటి మాత్రం ఎవరూ చెయ్యరు."

బార్బ్ కొడుకు అంసెల్మ్ బట్టీ ముందు నిలబడి పొడుగాటి చెక్క పారతో రొట్టెలు బయటికి లాగుతున్నాడు. ఈ గొడవ మొదలైనప్పటినుంచీ అత్తాకోడళ్ళకు కనబడుతున్నది అతని వీపే. ముఖం చూసి నాలుగు రోజులైంది.

ఊరి చర్చి గురువు గొదెఫ్రువా తెచ్చిన కబురు పెట్టిన చిచ్చు ఇది. రాజుగారి రోజుల్లో ఈ ఊరి చర్చిలో ఆయన పెద్ద గురువు, అంసెల్మ్ ఆయన కింద చిన్న గురువు. రోముకంటే దేశానికే కట్టుబడతామని విప్లవ ప్రభుత్వం అడిగిన ప్రమాణం చెయ్యనని పెద్దాయన దేశం విడిచిపోయాడు. చిన్నాయన ప్రమాణం చేశాడు. తర్వాత చర్చిలు మూసేసిన చలికాలంలో గురుత్వాన్నే వదిలేశాడు. రొట్టెలవాడి కూతుర్ని పెళ్ళాడాడు, మామగారి దగ్గర పిండి పిసకడం నేర్చుకున్నాడు. ఇప్పుడు పెద్దాయన జుట్టంతా నెరిసి తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ రోములోని పోపుగారి మాట మోసుకొచ్చాడు. అంసెల్మ్ లాంటివాళ్ళకు రెండే దారులు. భార్యను విడిచి, పశ్చాత్తాపపడి, మళ్ళీ గురువుగా బలిపీఠం ముందు నిలబడవచ్చు. లేదంటే ఇక ఎన్నటికీ గురువును కానని ఒప్పుకుని, ఆ పెళ్ళినే చర్చిలో గుట్టుగా, కొత్తగా చేసుకోవచ్చు.

బార్బ్‌కు మొదటిది కావాలి. సిడోనీకి రెండూ వద్దు. అంసెల్మ్‌కు ఏది కావాలో ఆ వీపు చెప్పడం లేదు.

"రొట్టెలవాడి కూతురా," అంది బార్బ్. పదేళ్ళలో ఒక్కసారి కూడా కోడలా అని పిలిచిన పాపాన పోలేదామె. "మొదటి దారంటే నీకు భయం. రెండో దారంటే పౌరుషం. మరి నా కొడుకు ఎటు పోవాలి? నడిరోడ్డు మీద రాయిలా పడి ఉండాలా?"

"ఉన్నచోట ఉంటే చాలు. ఇల్లుంది, పిల్ల ఉంది, పనుంది."

"పెళ్ళి లేదు!"

సిడోనీ చేతిలోని గరిటెను బల్లమీద పెట్టింది. పెట్టడమంటే పెట్టడం కాదు, సూపు చింది గోడమీద పడింది.

"ఇదిగో ఈ ఎదురుగా ఉన్న కూడలిలోనే, ఊరంతా చూస్తుండగా, విప్లవంలో నాటిన స్వేచ్ఛావృక్షం కింద నా చెయ్యి పట్టుకున్నాడు మీ కొడుకు. మూడురంగుల నడికట్టు కట్టుకున్న అధికారి పెళ్ళి చదివాడు. ఇప్పుడెళ్ళి, కోడి కూయకముందే, తలుపులు మూసుకుని, కోళ్ళదొంగల్లాగా మళ్ళీ పెళ్ళాడమంటారు. పెళ్ళాడితే ఈ పదేళ్ళూ నేనెవర్ని? ఫ్లొరెయాల్ ఎవరి బిడ్డ?"

"ఫ్లొరెయాలేమిటి, ఫ్లొరెయాలు! విప్లవం పెట్టిన కొత్త పంచాంగంలో పువ్వుల నెలలో పుట్టిందని నెల పేరు పెడతారా ఎవరైనా? నయం, మంచు నెలలో పుట్టలేదు. దాని పేరు బ్లాండిన్. పశువుల కొట్టంలో దాక్కున్న గురువు చేత జ్ఞానస్నానం ఇప్పించి నేను పెట్టిన పేరు."

గుమ్మంలో కూర్చుని రొట్టె అంచు కొరుకుతున్న తొమ్మిదేళ్ళ పిల్ల తలెత్తింది. "నానమ్మ పిలిస్తే బ్లాండిన్ పలుకుతుంది. అమ్మ పిలిస్తే ఫ్లొరెయాల్ పలుకుతుంది. ఇద్దరూ ఒకేసారి పిలిస్తే ఎవరూ పలకరు," అంది తాపీగా.

బట్టీ ముందున్న వీపు కొంచెం కదిలింది. నవ్వాడేమో. సిడోనీ ఆశగా చూసింది. అతను ఇటు తిరగలేదు.

"అంసెల్మ్, నువ్వైనా ఒక మాట చెప్పు."

"మొగుణ్ణి పట్టుకుని నువ్వు!" అంది బార్బ్ పైకప్పు కేసి చూస్తూ.

"విప్లవంలో అందరూ అందర్నీ నువ్వనే అన్నారత్తయ్యా. మేయరునూ నువ్వన్నాం."

"ఆ మేయరే ఇప్పుడు మీరు అనకపోతే టోపీ ముట్టుకోడు. లోకం మళ్ళీ దారికొచ్చింది, నీ నాలుకే రాలేదు. ఒక రాజు తల తీశారు. ఇంకొకడి తలమీద కిరీటం పెడుతున్నారు. మధ్యలో పోయిన తలలకు లెక్క చెప్పేవాడు లేడు. అంతా తిరిగొచ్చిందే! పండగలొచ్చాయి, ఆదివారమొచ్చింది, దేవుడొచ్చాడు. నా కొడుకొక్కడే రాలేదు."

సిడోనీ గుడ్డ తీసుకుని గోడమీది సూపు మరక తుడిచింది. ముసలావిడ ఉన్న ద్రాక్షతోట ముక్కను అమ్ముకుని ఈ కొడుకును గురువిద్యకు పంపింది. అతను మొదటిసారి బలిపీఠం ముందు నిలబడిన రోజు, ముందు వరసలో మోకరిల్లిన ఆమెను లేపడానికి ఇద్దరు పట్టాల్సొచ్చిందట. ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

బయట డప్పులు మోగాయి. ఫ్లొరెయాల్ ఎగిరి గంతేసింది. "గంటొస్తోంది! అమ్మా, గంటొస్తోంది!"

అంసెల్మ్ పారను గోడకు ఆనించి, చేతులు దులుపుకున్నాడు. అప్పుడు తిరిగాడు. కళ్ళకింద నల్లగా ఉంది. "పదండి, చూసొద్దాం," అన్నాడు. నాలుగు రోజుల్లో అతనన్న పొడుగాటి మాట అదే.

బార్బ్ తిండి మానేసింది కానీ నడక మానలేదు. మనవరాలి భుజం పట్టుకుని అందరికంటే ముందు బయల్దేరింది.

వెనక సిడోనీ మొగుడి పక్కన నడుస్తూ నెమ్మదిగా అడిగింది. "నీ మనసులో ఏముందో నాకైనా చెప్పవా?"

"నోరు విప్పితే ఇద్దర్లో ఒకరిని పోగొట్టుకుంటాను, సిడోనీ."

"విప్పకపోతే ఇద్దర్నీ పోగొట్టుకుంటావు."

అతను తల వంచుకుని అడుగు వేగం పెంచాడు.

కూడలి జనంతో నేల ఈనినట్టుంది. రాజుగారి పేరుతో ఉన్న ఆ కూడలి తర్వాత సమానత్వ కూడలి అయింది. ఇవాళ నిచ్చెనెక్కిన ఒకడు గోడమీద చక్రవర్తి కూడలి అని కొత్త రంగుతో రాస్తున్నాడు. సున్నం సరిగ్గా ఆరక పాత అక్షరాలు కిందనుంచి కనిపిస్తూనే ఉన్నాయి. చక్రవర్తి పేర చర్చిలో స్తోత్రగీతం పాడాలని పైనుంచి ఉత్తర్వు. గంట లేకుండా స్తోత్రమేమిటని మేయరు పట్టుబట్టి పోత పోయించాడు. లువార్ నది మీద పడవలో దిగిన ఆ గంటను ఎడ్లు ఈడ్చుకొస్తున్నాయి.

జనం రెండుగా చీలి దారిచ్చారు. గడ్డిలో పడుకోబెట్టిన గంట పెద్ద ఆవు అంత ఉంది. దానిమీద పడిన ఎండ చూసేవాళ్ళ ముఖాల మీద తిరిగి పడుతోంది. వేళాకోళాలాడుతున్నవాళ్ళు కూడా అది దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించారు.

"మేక మెడలో గంటలాగే మోగుతుందా?" అని ఫ్లొరెయాల్ అడిగింది. పాపం, పుట్టి బుద్ధెరిగాక దానికి గంటంటే మేకదే. ఊరి గంటల్ని ఫిరంగులు పోయడానికి తీసుకుపోయారు. ప్రమాదం వస్తే కొట్టడానికి ఒకటి ఉంచారు గాని, ప్రమాదం రాని రోజు లేక అదీ పగిలిపోయింది.

ఎలా మోగుతుందో చెబుదామని నోరు తెరిచింది సిడోనీ. మాట దొరకలేదు. "విను, నీకే తెలుస్తుంది," అంది.

గోపురం మీదినుంచి ఒక గొంతు ఖంగుమంది. "పౌరుడా అంసెల్మ్! పౌరురాలా సిడోనీ! ఈ గంటకంటే బరువైన మొహాలేసుకొచ్చారేం?"

లాజార్ పోషె. పడవలకు తాళ్ళు పేనేవాడు. ఈ గోపురం మీద కప్పీ బిగించి తాడు నడిపించగలవాడు ఊళ్ళో అతనొక్కడే. పాత గంటల్ని దించిందీ అతనే. ఆ రోజుల్లో చర్చిలో పునీతుల బొమ్మల తలలు పగలగొట్టి, రాజుగారి పటాన్ని ఇదే కూడలిలో తగలబెట్టిన చెయ్యి. అంసెల్మ్ గురుత్వం వదిలిన రోజున, పెళ్ళాడిన రోజున కూడా పక్కన సాక్షిగా నిలబడిన మనిషి.

"ఇప్పుడు పౌరుడా అనకూడదు లాజార్, మళ్ళీ మస్యో, అయ్యగారూ అనాలి!" అని కిందనుంచి ఎవరో అరిచారు.

"నా నాలుక ముసలిదైపోయిందిరా, కొత్త నడక నేర్వదు! చూడండి, రాజుది దించాను, చక్రవర్తిది ఎక్కిస్తున్నాను. గంటకేం తెలుసు నేనెవడి మనిషినో? తాడుకీ తెలీదు. లాగండి!"

నవ్వులు పేలాయి. మేయరు, గురువు గొదెఫ్రువా మిగతా పెద్దలతో కలిసి చక్రవర్తి పంపిన జిల్లా అధికారి ప్రిఫెక్టుకు ఎదురెళ్ళడానికి వంతెన దగ్గరికి పోయారు కాబట్టి ఆ నవ్వుకు అడ్డు లేదు.

యాభైమంది తాళ్ళు పట్టారు. లాజార్ కేక వేసినప్పుడల్లా లాగారు. గంట గడ్డిలోంచి లేచింది. మనిషెత్తు లేచింది. కిటికీలు దాటింది. దాని నీడ జనం నెత్తిమీదుగా మెల్లగా జరిగింది. నీడ తగిలినవాళ్ళు తలవంచారు. ఎవరూ వంచమనలేదు. తాళ్ళ కిర్రుమనే చప్పుడు తప్ప కూడలిలో పసిపిల్ల ఏడుపు కూడా లేదు. అంత బరువు అంత తేలిగ్గా ఆకాశంలోకి పోవడం సిడోనీ ఎన్నడూ చూడలేదు. వద్దనుకుంటూనే ఆమె చెయ్యి వెళ్ళి అంసెల్మ్ చేతిని పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

గంట గోపురం నోట్లోకి జారింది. లాజార్ చెక్కల పరంజా మీద నిలబడి, వంగి, దాన్ని దూలానికి బిగించాడు. "కూర్చుంది!" అన్నాడు.

జనం హోరుమన్నారు. ఆ హోరులో చెక్క విరిగిన చప్పుడు ఎవరికీ వినబడలేదు.

పరంజాతో పాటు లాజార్ చర్చి మెట్ల మీద పడ్డాడు.

సిడోనీ చూసేసరికి అంసెల్మ్ ఆమె పక్కన లేడు. అప్పటికే మెట్ల దగ్గరున్నాడు. లాజార్ ప్రాణంతోనే ఉన్నాడు గాని ఉండవలసిన విధంగా ఏ అవయవమూ లేదు. నోట్లోంచి నురగతో నెత్తురు వస్తోంది.

"గురువు," అన్నాడు లాజార్.

విన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చర్చి తలుపును గొడ్డలితో కొట్టినవాడి నోట ఆ మాట!

"వంతెన దగ్గరికి పరిగెత్తండి! గొదెఫ్రువాగారిని పిలవండి!"

"అంతసేపు ఉండను," అన్నాడు లాజార్. అతని కళ్ళు అంసెల్మ్ మీద నిలిచాయి. "ఇతనున్నాడుగా."

అంసెల్మ్ తల అడ్డంగా ఊపాడు. "నేను కాదురా. నేను వదిలేశాను. నీ కళ్ళముందే కదా వదిలాను."

"నువ్వు వదిలావు," అన్నాడు లాజార్ కష్టంమీద. "అది నిన్ను వదిలిందా?"

అంసెల్మ్ పిండి అంటిన తన చేతులవైపు చూసుకున్నాడు.

బార్బ్ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. తిండిలేక నీరసించిన మనిషికి అంత బలం ఎక్కడిదో. "చావు దగ్గర పడ్డవాడి పాపాలు వినడానికి ఏ గురువైనా చాలు! తప్పు చేసినవాడైనా, వదిలేసినవాడైనా సరే! చర్చి మాటే అది! ఏం చూస్తున్నావురా?"

అతను తల్లిని చూడలేదు. లేచి నిలబడి జనంలో భార్య కోసం వెతికాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. అతను అడుగుతున్నదేమిటో సిడోనీకి అర్థమైంది. ఊళ్ళో ఇంకెవరికీ అర్థం కాలేదు. కాదంటే ఆగిపోతాడు. ఆ సంగతీ ఆమెకు తెలుసు. గుండె వద్దు, వద్దు అని కొట్టుకుంటోంది. మెట్ల మీద తమ పెళ్ళికి సాక్షి చచ్చిపోతున్నాడు.

"వెళ్ళు," అంది.

అంసెల్మ్ మోకరిల్లి లాజార్ నోటి దగ్గర చెవి పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే జనం వెనక్కు జరిగి, గుండ్రంగా చోటు వదిలారు. లాజార్ ఏదో చెబుతున్నాడు. ఆగుతున్నాడు, మళ్ళీ చెబుతున్నాడు. ఒకసారి అతని ముఖం చంటిపిల్లవాడి ముఖంలా ముడుచుకుంది. అంసెల్మ్ ఏదో మెల్లగా అన్నాడు. ముడుత విడిపోయింది.

తర్వాత అంసెల్మ్ కుడిచెయ్యి ఎత్తాడు.

లాటిన్ మాటలు కూడలి మీదికి వచ్చాయి. సిడోనీ ఆ గొంతును ఎరగదు. పిండి సంగతులు మాట్లాడే గొంతు, కూతురికి కథలు చెప్పే గొంతు, చీకట్లో తన పేరు పిలిచే గొంతు, అన్నీ ఎరుగును. ఇది వేరు. గట్టిగా లేదు, కానీ చివరి వరసలో నిలబడ్డవాడికీ వినబడింది. మెట్లమీదున్నది పిండికొట్టుకుపోయిన చొక్కా వేసుకున్న రొట్టెలవాడే. అతని వెనకనుంచి మాత్రం ఇంకెవరో, ఎంతో పెద్దవారెవరో మాట్లాడుతున్నట్టుంది.

ముందొక ముసలమ్మ మోకాళ్ళ మీద కూలబడింది. ఆమె పక్కన చేపలమ్ముకునే ఆవిడ. తర్వాత గోధుమచేలో గాలి తిరిగినట్టు కూడలంతా వంగింది. టోపీలు దిగాయి. మూడురంగుల గుర్తు ఇంకా పెట్టుకు తిరిగే మంగలి కూడా మోకాలు వంచాడు. కాపలాకు నిలబడ్డ సైనికులు తుపాకులు నేలకు దించారు. సిడోనీ ఎవరికీ లొంగనని నిలబడే మనిషి. తన మోకాళ్ళకు రాళ్ళు తగిలాక గాని తాను మోకరిల్లానని ఆమెకు తెలియలేదు.

ఈయన నాకోసం వదిలేసింది ఇదా? పదేళ్ళు పక్కన పడుకుని కూడా నాకు తెలియనిది ఇదా?

అంసెల్మ్ బొటనవేలితో లాజార్ నుదుటిమీద సిలువ గీశాడు. నుదుటిమీద పిండి తెల్లగా అంటింది.

"గంట... నిలిచిందా?" అన్నాడు లాజార్.

"నిలిచిందిరా."

"మరి కొట్టరేం?"

పైనున్నవాళ్ళకు ఎవరో సైగ చేశారు. తాడు కదిలింది. కాసేపు ఏమీ లేదు. అప్పుడు పడింది మొదటి దెబ్బ.

అది చెవికి రాలేదు. కాళ్ళకింద నేలలోంచి, పక్కటెముకల్లోంచి వచ్చింది. పావురాలు ఇళ్ళకప్పుల మీదినుంచి ఒక్కసారిగా లేచాయి. ఫ్లొరెయాల్ రెండు చేతులతో తల్లి గౌను పట్టుకుంది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. రెండో దెబ్బకు పెద్దవాళ్ళు ఏడ్చేశారు. చనిపోయినవాళ్ళకోసం ఏడ్చారో, బతికున్నందుకు ఏడ్చారో, ఎవర్నడిగినా చెప్పలేరు. ఆ మోత కొండవాలున ఉన్న ద్రాక్షతోటల దాకా వెళ్ళి తిరిగొచ్చింది.

అది తిరిగొచ్చేసరికి లాజార్ లేడు.

గొదెఫ్రువాగారు వంతెన దగ్గరినుంచి పరుగున వచ్చారు. ఆ వయసులో ఆ పరుగుకు ఆయన పెదాలు నీలంగా మారాయి. జరిగింది విన్నారు. మెట్లవైపు చూశారు. ఆ చేపలమ్ముకునే ఆవిడ అంసెల్మ్ చెయ్యి ముద్దుపెట్టుకుని "ఫాదర్" అంటోంది. అతను చెయ్యి వెనక్కు లాక్కోలేదు.

"చెల్లుతుందా, ఫాదర్?" అని అడిగింది బార్బ్, ఊపిరి బిగబట్టి.

"చెల్లుతుంది. చావు ముందు ఏ గురువు ఇచ్చిన పాపక్షమాపణైనా చెల్లుతుంది."

"విన్నావా?" అని బార్బ్ కోడలివైపు తిరిగింది. గెలిచిన మాట అది. కానీ ముసలావిడ చూపు సిడోనీ ముఖం మీద ఆగింది. ఆ ముఖం ఆమె ఎరిగినదే. ముందు వరసలో మోకరిల్లి లేవలేకపోయిన ఒకనాటి తన ముఖమే. మెల్లగా మనవరాలిని దగ్గరికి తీసుకుని పక్కకు జరిగింది.

సిడోనీ గురువుగారి చెయ్యి పట్టుకుని గోడవారకు లాగింది.

"ఆ రెండో దారి చెప్పారే, తలుపులు మూసిన పెళ్ళి. నాకిష్టమే. రేపే చెయ్యండి. దొంగల్లాగా రమ్మంటే దొంగల్లాగానే వస్తాను. ఈ పదేళ్ళూ నేనెవర్నో మీరేమనుకున్నా సరే."

గొదెఫ్రువాగారు ఆమెవైపు తిరిగారు. పరదేశంలో ఎవరెవరి వాకిళ్ళలోనో చలికి వణికిన మనిషి ఆయన. ఆయన కళ్ళలో కోపం ఎప్పుడో అరిగిపోయింది.

"ఇవాళ పొద్దున్నే అంసెల్మ్ నా దగ్గరికొచ్చాడమ్మా. రెండో దారే అడిగాడు. 'ఆమె ఒప్పుకోదు ఫాదర్, కాళ్ళమీద పడైనా ఒప్పిస్తాను, నాకా ఇల్లే చాలు' అన్నాడు."

సిడోనీకి ఒక్కసారిగా కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, నవ్వూ వచ్చింది. "మరింకేం? నేను ఒప్పుకున్నాగా!"

"అది పొద్దుటి మాట," అన్నారాయన నెమ్మదిగా. "ఇప్పుడు నువ్వే వెళ్ళి అడుగు తల్లీ. నాకు ధైర్యం చాలడం లేదు."

ఆమె కూడలి దాటింది. మోకరిల్లినవాళ్ళు లేస్తూ దారిచ్చారు. అంసెల్మ్ మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. లాజార్ తల అతని ఒడిలో ఉంది. పైన గంట కొడుతూనే ఉన్నారు.

"అంసెల్మ్," అని చెయ్యి చాపింది. "ఇంటికి పోదాం రా."

అతను తలెత్తాడు. ఆ ముఖంలో దుఃఖం లేదు. ఏదో కంటికందనిది చూసి, ఇంకా చూస్తున్నవాడి ముఖం.

"పదేళ్ళు, సిడోనీ," అన్నాడు గుసగుసగా. "పదేళ్ళు ఆ ప్రార్థనలు ఒక్కసారైనా తలవలేదు. ఒక్క మాటా పోలేదు. అన్నీ అలాగే ఉన్నాయి."

ఆమె చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.